ఊరు కదిలితే ఊరుగా కదలాలా?

"మా ఊరు నీళ్లలో పోయింది గాబట్టే మేం బాగుపడినాం. ఉండుంటే ఈపొద్దుకు గూడా ఆ గట్ల మీద కొట్లాడుకుంటా ఉందుము" అన్నాడు మామ.

ఈ మాట బయటివాడెవడైనా అంటే నాకు కోపం వచ్చేది. అన్నది శ్రీశైలం రిజర్వాయరు కింద సొంత ఊరు పోగొట్టుకున్న మనిషి. నాతోపాటే బడిలో పాఠాలు చెప్పి, రిటైరై, మంత్రాలయంలో స్థిరపడ్డాడు. ఆయన చెల్లెలి కొడుక్కి అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో ఉద్యోగం. సెలవుకు వచ్చి, దర్శనం చేసుకుని, మాతో తుంగభద్ర మెట్ల మీద కూర్చున్నాడు. అక్కడ తాను కాకరకాయలు కొనే ముసలమ్మ సంగతి చెబుతూ, "ఆ జనాన్ని చూస్తే నాకు మన మునక ఊళ్లే మతికొస్తాయి మామా" అన్నాడు. దానికి మామ ఇచ్చిన జవాబే పైమాట. ఆ తర్వాత చీకటి పడేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మామ: అయినా కాకరకాయలు అమ్ముకునే ముసలామెకూ మనకూ పోలికేందిరా?

అల్లుడు: ఆమె హ్మాంగ్ మనిషి మామా. లావోస్ కొండల్లో పోడు కొట్టి వరీ మొక్కజొన్నా పండించుకునే జాతి. పక్కనే వియత్నాం యుద్ధం. 1961 నుంచి అమెరికా సీఐఏ వీళ్లకు తుపాకులిచ్చి, వాంగ్ పావ్ అనే వాళ్ల సేనాని కింద చాటు యుద్ధం చేయించింది. మీసాలు రాని పిల్లోళ్లు గూడా చచ్చిపోయినారు. 1975లో అమెరికా మూటాముల్లె సర్దుకుంది. విమానాల్లో రెండున్నర వేల మందిని మాత్రం తీసుకపోయింది. తక్కినోళ్లు అడవిలో నడిచి, రాత్రిపూట మెకాంగ్ నది దాటినారు. వెదుర్లు కట్టుకుని దాటినోళ్లు ఉన్నారు, దాటలేక కొట్టుకపోయినోళ్లూ ఉన్నారు. అవతల థాయిలాండ్‌లో బాన్ వినాయ్ అని శిబిరం. ఒక దశలో ఆ ఒక్క శిబిరంలోనే నలభై వేల మందికి పైగా ఉండిరంట. అక్కడి నుంచి అమెరికా.

మామ: చూసినావా, నీ నోటితో నువ్వే చెప్తివి. వాళ్లు యుద్ధంలో పారిపోయినోళ్లు. మమ్మల్ని ఎవరూ కాల్చలే. మా దేశం మాకే ఉండె, భాష అదే, దేవుళ్లు వాళ్లే. పోయింది మట్టి. దానికి లెక్క గట్టి డబ్బులిచ్చినారు. తక్కువిచ్చినారు, నేను కాదనను. అయినా పోలిక కుదరదు.

అల్లుడు: కాల్చలేదు, నిజమే. 1981 ఎండాకాలం ఏం చేసినారో నువ్వే గదా మా చిన్నప్పుడు చెప్తా ఉంటివి.

మామ కాసేపు ఏటి వైపు చూశాడు. ఆ తర్వాత చెప్పింది నేను కూడా అంతకుముందు ఆయన నోట వినలేదు.

మామ: పోలీసులు, రెవెన్యూ వాళ్లు వచ్చినారు. నీళ్లొస్తాయి, ఖాళీ చేయండని ముందే చాటింపు ఏసినారు గానీ, యాడికి పోవాలో ఎవరూ చెప్పలే. ఖాళీ చేయనోళ్ల ఇండ్లు పడగొట్టినారు. మా నాయన దూలాలు, వాకిండ్లు ఊడబెరికి బండికెత్తినాడు. ఆ దూలాలకు సరిపోయే ఇల్లు మళ్లా కట్టలే. అవి ఎండకు ఎండి, వానకు నాని, ఆఖరికి వంటచెరుకైనాయి. అయితే ఏమి? ఆ నీళ్లే గదా పోతిరెడ్డిపాడు తూముల గుండా వెలుగోడుకు పోయి, కడప దాకా పారుతాండేది. ఆ నీళ్లే గదా మద్రాసు తాగుతాండేది. ఆ కరెంటే గదా మన ఇండ్లల్లో వెలుగుతాండేది. లక్ష మంది లేస్తే కోటి మంది బతుకుతాండారు. నేను లెక్కల మాస్టారును, ఈ లెక్క నాకు తప్పనిపించదు.

లెక్క తప్పు కాదు. కానీ ఎవరి ఖాతాలో ఏం రాశారన్నది కూడా చూడాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి ఊళ్లు ఖాళీ చేయించేదాకా పద్దెనిమిదేళ్లు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. పద్దెనిమిదేళ్లలో ఆ ఊళ్లకు కొత్త చోటు చూడడం కుదరని పని కాదు. కుదురుతుందని అదే ప్రభుత్వం పక్కనే చేసి చూపించింది కూడా.

కర్నూలు పొలిమేరలో జగన్నాథగట్టు మీద రూపాల సంగమేశ్వరుడి గుడి ఉంది. చాళుక్యుల నాటిది. అది పుట్టింది అక్కడ కాదు. మునిగే చోటు నుంచి ఒక్కో రాయికీ అంకె వేసి, విప్పి, బండ్లలో తెచ్చి, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో అలాగే పేర్చి నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇలాగే అలంపురానికి చేర్చారు. ఎంతో ఓపికతో, ప్రేమతో చేసిన పని. ఆ గోడలను తాకినప్పుడల్లా ఆ పనివాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంటాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి గొంతుకు అడ్డం పడుతుంది. రాయి పక్కన రాయి తప్పకూడదని తెలిసినవాళ్లకు, మనిషి పక్కన మనిషి తప్పకూడదని ఎందుకు తోచలేదు? ఈ మాట పైకే అన్నాను.

అల్లుడు: సార్ చెప్పిందే నేనూ చెప్తాండేది. అమెరికా గూడా మొదట ఇదే తప్పు చేసింది. హ్మాంగ్ వాళ్లను ఒక్కచోట పెడితే ఆ ఊరికి బరువైతారని దేశమంతా చల్లినారు. ఒక కుటుంబం ఒక చర్చి సాయంతో ఒక రాష్ట్రంలో, వాళ్ల అన్నదమ్ములు వెయ్యి మైళ్ల అవతల ఇంకో రాష్ట్రంలో. మంచు కురిసే ఊర్లో పలకరించే దిక్కు లేదు. వాళ్లలో పద్దెనిమిది వంశాలు. ఇంటిపేరు ఒకటైతే పెండ్లి చేసుకోరు, మన మాదిరే. చావుకు పాడేటోళ్లు, వెదురుగొట్టాల వాద్యం ఊదేటోళ్లు రాకుంటే చచ్చినోడి ఆత్మ పుట్టిన చోటికి దారి కనుక్కోలేదని వాళ్ల నమ్మకం. ఒక్క కుటుంబంతో పెండ్లి కాదు, చావు కాదు. అందుకని ఏం చేసినారో తెలుసా? సర్కారు చల్లిన జనం మళ్లా వాళ్లంతట వాళ్లే ఏరుకున్నారు. పాత కార్లలో సామాన్లు వేసుకుని కాలిఫోర్నియాలో ఫ్రెస్నోకు, మా సెయింట్ పాల్‌కు చేరినారు. పాత కలప అడితి ఒకటి ఉండె మా ఊర్లో. 2004లో దాన్ని తీసుకుని హ్మాంగ్‌టౌన్ అని సంత పెట్టినారు. ఈపొద్దు మా తెలుగోళ్లం కాకరకాయలకు, పచ్చిమిరపకాయలకు, అలసందకాయలకు ఆడికే పోతాం.

మామ: సంత బాగుందిలే. సంతకు రానోళ్లను చూసినావా? నేనూ పేపర్లు చదివేవాణ్నే. నిద్దర్లో చనిపోయినోళ్ల సంగతి చెప్పవేమి?

అల్లుడికే కాదు, నాకూ ఆశ్చర్యమేసింది. మామ ఈ సంగతి ఎప్పుడో చదివి దాచుకున్నాడు. 1970ల చివర్లో, 1980ల మొదట్లో అమెరికా చేరిన ఆగ్నేయాసియా కాందిశీకుల్లో, ఎక్కువగా హ్మాంగ్‌లలో, ఏ జబ్బూ లేని వయసు మగవాళ్లు రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. అలాంటి చావులు వందకు మించాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగిన ఏడాది 1981. గుండె కొట్టుకునే తీరులో పుట్టుకతో వచ్చే లోపం ఉండవచ్చని వైద్యులు తర్వాత అన్నారు. హ్మాంగ్ పెద్దలు మాత్రం, కొత్త నేల మీద పితరులకు చేయాల్సినవి చేయలేకపోయాం, కాపాడేవాళ్లు లేక రాత్రి పిశాచి గుండెల మీద కూర్చుంది అనుకున్నారు. రెండిట్లో ఏది నిజమని ఇక్కడ తేల్చను. చెదిరిన తొలి ఏళ్లలో ఆ చావులు ఎక్కువన్నది మాత్రం రికార్డుల్లో ఉన్న సంగతి.

అల్లుడు: చెప్పకూడదని కాదు మామా. అది నీ పక్కకు కాదు, నా పక్కకే సాక్ష్యం చెప్తాది. విడగొడితే మనిషికి ఏమైతాదో...

మామ: మా నాయన కొత్త ఇంట్లో ఒక్క ఎండాకాలం గూడా దాటలే. (కొంచెం ఆగి) సరే, అది వదిలెయ్. నేను అడిగేది వేరే. ఊరు ఊరుగా కదలాల అంటావు. ఊరంటే ఏంది? మనోళ్లకు ఊరంటే రచ్చకట్ట, యాపచెట్టు, జాతర. వాడలో ఉన్నోనికి ఊరంటే ఏంది? వాని బాయి వేరే, వాని గ్లాసు వేరే, వాని శ్మశానం వేరే. నాతోపాటు చదువుకున్నోడు ఒకడు ఉండె. మా ఊర్లో ఉన్నన్నాళ్లు మా ఇంటి అరుగు ఎక్కలే వాడు. ఊరు పోయినాక కర్నూలు టౌన్లో బాడుగ ఇంట్లో చేరి, పిల్లల్ని ఇంజనీర్లను చేసినాడు. నాతో ఒక్కటే మాటన్నాడు: 'సార్, మీకు ఊరు పోయింది, నాకు పీడ పోయింది.' ఊరిని ఊరుగా ఎత్తి పెడితే వాడను వాడగానే ఎత్తి పెడతారు. ఈశాన్యంలో మన ఇండ్లు, గాలివాటున వాళ్ల ఇండ్లు. దాన్నేనా మళ్లా కట్టమంటావు?

ఇంతసేపటి వాదనలో ఇంత బరువైన మాట ఇదొక్కటే. నాకు వెంటనే జవాబు తోచలేదు. మునిగిన ఊరిని తలుచుకుని కంటతడి పెట్టే మాలాంటి వాళ్లం చాలామందిమి ఈ ప్రశ్న దగ్గరికి రాకుండానే ఆగిపోతాం.

అల్లుడు: ఒప్పుకుంటా. కానీ మామా, ఆయప్పకు చదువుండె, ఉద్యోగం దొరికె, గెలిచినాడు. ఆ వాడలో తక్కినోళ్లు ఏమైనారు? భూమి ఉన్నోనికి భూమికి పైకం వచ్చె. కూలోనికి గుడిసెకు వచ్చె, అది దావ ఖర్చులకే చాలలే. ఊర్లో ఉంటే ఏటి గట్టున చేపలు పట్టుకుంటా, ఎవరి కల్లంలోనో నాలుగు గింజలు తెచ్చుకుంటా బతికినోడు, టౌనుకు పోయి యాడ బతకాల? నీ స్నేహితుడు మేలుపడినాడు గాబట్టి ఆయన మాట నీ చెవిలో పడె. మిగతావాళ్ల మాట చెప్పేదానికి ఎవరూ మిగల్లే.

మామ: హ్మాంగ్ వాళ్లు కలిసి ఉండి ఏం చేసినారు? వంశం పెద్దల పెత్తనం, పదహైదేండ్ల ఆడపిల్లకు పెండ్లి, ఇవి గూడా మూటకట్టుకునే పోయింటారు గదా?

అల్లుడు: పోయినారు. చాలా యాతన పడినారు ఆ ఆడపిల్లలు. కానీ అదే జనం మధ్యలో పెరిగి వాళ్లే తిరగబడినారు. మీ మౌవా అనే ఆమె లావోస్‌లో పుట్టి, పసితనంలో శిబిరం చూసి, లా చదివి, 2002లో మా మిన్నెసోటా సెనేట్‌కు గెలిచింది. అమెరికాలో ఏ రాష్ట్ర చట్టసభలోనైనా గెలిచిన తొలి హ్మాంగ్ మనిషి ఆడమనిషే. ఎట్ల గెలిచిందనుకుంటావు? వాళ్లంతా ఒక్క పేటలో ఉండిరి. ఓట్లు ఒక్కచోట ఉండె. ఆమె ఇంగ్లీషులో మాట్లాడింది, హ్మాంగ్‌లో ఇల్లిల్లూ తిరిగింది. మన మునకోళ్లది చూడు. కొందరు కర్నూలు, కొందరు నందికొట్కూరు, ఆత్మకూరు, కొందరు ఏటికవతల కొల్లాపూర్, అలంపురం, ఇంకొందరు హైదరాబాదులో అడ్డా మీద. లక్ష మంది జనం ఉండి గూడా ఏ ఎమ్మెల్యేకీ గెలవాలంటే కావాల్సిన ఓటు కాలేదు మామా! అందుకే 98 జీవో అట్ల నానింది.

98 జీవో అంటే రాయలసీమలో ఆ ప్రాంతం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ముంపు కుటుంబానికి ఒక సర్కారు ఉద్యోగం ఇస్తామని 1986లో ఇచ్చిన ఉత్తర్వు. ఊళ్లు పోయిన అయిదేళ్లకు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చున్న కుర్రాళ్ల తలలు అక్కడే నెరిశాయి. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. చాలామంది కనీసం కాలువ మీద లస్కర్ పనైనా ఇవ్వండని అడుగుతూ వయసు దాటిపోయారు. 2014లో రాష్ట్రమే రెండయింది. ఏటికి ఈ గట్టున ఒక సర్కారు, ఆ గట్టున ఇంకో సర్కారు.

మామ: ఆ జీవో గురించి నా దగ్గర ఎత్తొద్దు. అది రాకుండా ఉంటే మా పిల్లోళ్లు ఇంకేదైనా పని చూసుకుందురు. ఇస్తాం, ఇస్తాం అని వాకిట్లో నిలబెట్టిరి. ముప్పై ఏండ్లు ఒక కాగితం మీద బతికినోడి గతి ఏమైతాదో నేను ఇంట్లోనే చూసినా. నేను చెప్పేది అదే. సర్కారు మీద ఆశ పెట్టుకోవద్దు, గుంపును పట్టుకుని ఏలాడొద్దు, ఎవరి కాళ్ల మీద వాళ్లు లేయాల.

అల్లుడు: ఫ్రాన్సోళ్లు ఏం చేసినారో విను. దక్షిణ అమెరికాలో వాళ్లకు ఫ్రెంచ్ గయానా అని ఒక జాగా ఉంది. 1977లో కొన్ని హ్మాంగ్ కుటుంబాలను గుంపుగానే తీసకపోయి కకావో అనే చోట అడవి అంచున దించినారు. రెండేండ్లకు జవుహే అని ఇంకో ఊరు. అక్కడుండే జనం మొదట ఒప్పుకోలే, ఊరేగింపులు తీసినారు. వీళ్లు కొండపోడు చేసేటోళ్లు గదా, అడవి కొట్టి చేన్లు చేసినారు. ఇప్పుడు ఆ సీమకు కూరగాయలు, పండ్లు ఎక్కువగా వచ్చేది వీళ్ల తోటల్లోంచే. సర్కారు ఇచ్చింది రెండే. కలిసి ఉండేదానికి జాగా, తెలిసిన పని చేసుకునేదానికి నేల. ఇస్తాం అని వాకిట్లో నిలబెట్టలే. నువ్వు తిట్టేది నిలబెట్టినందుకు. అది గుంపుగా ఉన్నందుకు వచ్చిన తప్పు కాదు.

ఇక్కడ నేను ఇంకో మాట కలిపాను. మేం కూర్చున్న చోటు కథ కూడా ఇదే కదా! రాఘవేంద్రస్వామి ఈ సీమవాడు కాదు. పుట్టింది తమిళదేశంలో భువనగిరి, మఠం ఉండింది కుంభకోణంలో. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ భూమి ఇస్తానంటే, నీళ్లూ పంటా ఉన్న చోటు వద్దని ఈ ఎండుగట్టు మంచాలనే అడిగాడని చెప్పుకుంటారు. వచ్చినవాడిని ఎక్కడ కావాలని అడిగారు, అడిగిన చోటే ఇచ్చారు. ఊరమ్మ మంచాలమ్మ చోటు ఆమెకు ఉంది, కొత్తగా వచ్చినవాళ్ల చోటు వాళ్లకు ఉంది. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసింది మొదలు ఈ ఊరు అట్లాగే బతుకుతోంది. 2009 అక్టోబరు వరదలో మఠమూ ఇండ్లూ నీటమునిగి బురద మేటలు వేసినా జనం మళ్లీ ఇక్కడే లేచి నిలబడ్డారు. ఎందుకంటే లేవడానికి పక్కింటివాడి చెయ్యి ఆ పక్కనే ఉంది.

మామ: అడిగినారు. (ఆ మాటనే రెండుసార్లు అన్నాడు.) మమ్మల్ని ఎవరూ అడగలే.

అల్లుడు: ఇప్పుడన్నా అడుగుతాండారా? 2013లో భూసేకరణ చట్టం మారింది, పునరావాసం హక్కు అన్నారు. మరి 2020లో గండికోట రిజర్వాయర్లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాళ్లు ఏమడిగినారు? కొత్త ఇండ్లు కట్టుకునేదానికి కాస్త గడువు ఇవ్వండి అని. రోడ్డు మీద కూర్చున్నారు. నీళ్లు ఇండ్లలోకి వచ్చినాయి. నలభై ఏండ్ల కిందటి మాటే మళ్లా వినిపించె.

మామ జవాబు చెప్పలేదు. అప్పుడు అల్లుడు మెల్లగా ఇంకో ప్రశ్న వేశాడు.

అల్లుడు: ఒకటి అడుగుతా, కోపం చేయొద్దు. ఊరు పోతే మేలే జరిగె అంటావు. ఏటేటా ఎండాకాలం సంగమేశ్వరానికి ఎందుకు పోతావు మామా?

శ్రీశైలం నీళ్లు తగ్గి దాదాపు 840 అడుగులకు దిగితే సప్తనదుల సంగమంలో సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది. లోపల వేపమొద్దు లింగం. నీళ్లు మళ్లీ పెరిగేదాకా పూజలు. దేశమంతా ఆ గుడిని వింతగా చూడడానికి వస్తుంది. చుట్టుపక్కల మునక ఊళ్ల జనం మాత్రం ఇంకో పని మీద వస్తారు. బురద ఎండి నెర్రెలిచ్చిన నేల మీద నడిచి, పునాది రాళ్లను బట్టి ఇది ఫలానావాళ్ల ఇల్లు, ఇది మన బాయి అని గుర్తుపట్టుకుంటారు. మామతో నేనూ రెండుసార్లు వెళ్లాను. తన ఇంటి గుమ్మం రాయి దగ్గర అరగంట కూర్చుని లేచాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

మామ: ఆడ మనోళ్లు కనపడతారు. అంతే. ఎవరు పోయినారు, ఎవరి పిల్లకు పెండ్లయ్యింది, తెలుస్తాది. వాడు గూడా వస్తాడు, పీడ పోయింది అన్నోడు. ఇద్దరం కలిసి ఒకే బండ మీద కూర్చుని సద్ది తింటాం. ఊర్లో ఉన్నప్పుడు అది జరగలే... (లేచి నిలబడ్డాడు) సరే, విను. నీ మాట సగం ఒప్పుకుంటా. ఊరుగానే కదలండి. కానీ పాత పటం చింపేసి కదలండి. కొత్త జాగాలో ఇండ్ల స్థలాలు చీటీలేసి పంచాల. రెడ్డి ఇంటి పక్కన మాదిగ ఇల్లు వస్తే రానీ. భూమి లేనోనికి ముందు భూమి ఇచ్చినాక భూమి ఉన్నోనికి పైకం లెక్క గట్టాల. యాడికి పోదామని గ్రామసభలో అడిగితే మొదట వాడోళ్లు నోరు విప్పాల, తర్వాతే మనం. ఇది లేకుంటే నేను ఒప్పుకునేది లేదు.

అల్లుడు దీనికి అడ్డం చెప్పలేదు. ఎవరు గెలిచారని నన్ను అడిగితే, ఊరు కలిసి కదలాలన్న అల్లుడి మాట నిలబడింది, ఏ ఊరు అన్న మామ ప్రశ్న దాన్ని సరిచేసింది అంటాను. రెండూ కలిస్తేనే పనికొచ్చే మాట అవుతుంది. చెదిరిపోయినవాడి ఓటు ఎవరికీ అక్కర్లేదన్న సంగతిని నేను ఇన్నేళ్లూ ఇంత స్పష్టంగా చూడలేదు. దానికి ఆ అబ్బాయికి రుణపడ్డాను.

ఇది గడిచిపోయిన కథ కాదు కాబట్టే రాశాను. మంత్రాలయం నుంచి ఏటి వాలున దిగువకు పోతే, సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల రిజర్వాయరు కట్టాలని కర్నూలు జిల్లా ఏళ్లుగా అడుగుతోంది. నేనూ అడుగుతున్నాను. సుగ్గికి, అంటే వలస పనికి, గుంటూరు మిరప చేలకూ బెంగళూరు కట్టడాల పనులకూ బండ్లెక్కే కోసిగి, పెద్దకడుబూరు జనానికి నీళ్లు కావాలి. అది కడితే ఏటిగట్టున మళ్లీ కొన్ని ఊళ్లు మునుగుతాయి. కాబట్టి నీళ్లు అడిగే మనమే ఇంకొకటి కూడా అడగాలి. శంకుస్థాపన రాయి దిగక ముందే ఆ ఊళ్లలో గ్రామసభ పెట్టి, వాడ నుంచి మొదలుపెట్టి, అందరూ కలిసి ఎక్కడికి పోతారో వాళ్ల నోటనే చెప్పించుకోండి. వాళ్లు చూపిన చోట ఇండ్లు లేచి, నేల చేతికొచ్చి, బడిలో గంట కొట్టాకే గేట్లు దించండి.